ఫ్లెక్సీ వెనక బేబి పేరు

బేబికి నాన్న ఎవరని అడగనివాళ్ళు కువైట్ అబ్బాసియాలో లేరు. బేబి అన్నం తిందా అని అడిగినవాళ్ళను మాత్రం ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్ళు కూడా కొన్ని మిగిలిపోతాయి.

పిల్లకు ఆరేళ్ళు. పుట్టింది అబ్బాసియాలోనే, పాత బిల్డింగులో, ఏసీ నీళ్ళు గోడ వెంట కారే గదిలో. తల్లి పేరు సత్యదుర్గ. కోనసీమలో రాజోలు దగ్గర చింతలంక ఆమెది. ఇంటిపనికి వచ్చింది. మామా, అంటే యజమానురాలు, చెయ్యి చేసుకుంటుంటే తట్టుకోలేక ఆ ఇల్లు వదిలి బయటపడింది. అలా వీసా ఇచ్చిన కఫీల్ ఇంట్లోంచి వచ్చేసి కాగితాలు లేకుండా బతికేవాళ్ళను మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు. పోతే పోనీ అని దాని అర్థం. మనుషులకు పెట్టుకున్న పేరు అది.

ఆ బతుకులో ఒక మగాడు తగిలాడు, కడుపు చేశాడు, ఎటో పోయాడు. ఆస్పత్రికి పోతే పెళ్ళి కాగితం అడుగుతారు. అది లేకపోతే కేసు. అందుకని గదిలోనే కన్నది. పక్క గదిలో ఉండే అంకాలమ్మ బొడ్డు కోసింది.

అంకాలమ్మది కడప జిల్లా, బద్వేలు వైపు పల్లె. కాగితం మీద ఆమె ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. నిజానికి ఆ ఇంటి గడప తొక్కి ఏళ్ళయింది. కఫీల్‌కు ముట్టజెప్పేది ముట్టజెప్పి ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కాగితం, కొట్టించుకుంటుంది, అబ్బాసియాలో బ్యాచిలర్ల మెస్సులో వంట చేస్తుంది. పిల్లలు లేరు. మొగుడు ఉన్నాడా అంటే ఉన్నాడు, ఇంకొకామె ఇంట్లో.

బేబికి నడక వచ్చిన కొన్నాళ్ళకు సత్యదుర్గ రోడ్డు మీద తనిఖీలో దొరికిపోయింది. పిల్ల ఉందని చెబితే ఇద్దరినీ జైల్లో పెడతారని భయపడి నోరు విప్పలేదు. వేలిముద్రలు వేయించుకుని విమానం ఎక్కించారు. బేబి ఆ సమయానికి అంకాలమ్మ మంచం మీద నిద్రపోతోంది. లేచేసరికి తల్లి మారిపోయింది.

అప్పటినుంచి అంకాలమ్మే అమ్మ. కన్నతల్లి అప్పుడప్పుడు వాట్సాప్‌లో కనిపించి ఏడ్చి పోతుంది. ఆమెను బేబి ఫోనమ్మ అంటుంది.

బేబికి జనన పత్రం లేదు, పాస్‌పోర్టు లేదు, ఇఖామా లేదు. ప్రభుత్వాల లెక్కలో ఈ పిల్ల పుట్టనే లేదు. ఏ సరిహద్దూ దాటలేదు, దొంగతనంగా ఏ పడవా ఎక్కలేదు. కడుపులోంచి నేల మీద పడింది. అదే నేరం. జ్వరమొస్తే ఆస్పత్రి గుమ్మం ఎక్కడానికి లేదు. మలయాళీ నర్సు ఒకామె డ్యూటీ దిగి వస్తూ చూసి, మందు చెప్పి పోతుంది. పొద్దున కింద స్కూలు బస్సు ఆగితే బేబి కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. బస్సెక్కే పిల్లల్లో ఒక్కరికీ ఈ పిల్లెవరో తెలియదు.

ఇలా ఉండగా ఇక్కడి గవర్నమెంటు గడువు ప్రకటించింది. కాగితాలు లేనివాళ్ళు ఆ లోపల జరిమానా లేకుండా, జైలు లేకుండా సొంత దేశం వెళ్ళిపోవచ్చు. మన పేపర్లు దానికి క్షమాభిక్ష అని పేరు పెట్టాయి. ఆరేళ్ళ పిల్ల ఏం తప్పు చేసిందని క్షమ? ఎవరి గుమ్మం ముందు చెయ్యి చాపిందని భిక్ష? పేరు పెట్టేవాళ్ళకైనా సిగ్గుండాలి. సరే, పేరేదైనా తలుపు తెరుచుకుంది. అది మూసుకునే లోపు బేబికి మన ఎంబసీ నుంచి ఔట్‌పాస్ రావాలి. ఆ తెల్ల కాగితం మీద పేరు పడితే బేబి ఒక మనిషి. ఊరికి పోవచ్చు, బడికి పోవచ్చు. పడకపోతే మళ్ళీ ఎప్పుడో, అసలు ఉంటుందో ఉండదో ఎవడికీ తెలియదు.

ఎంబసీ కిటికీ దగ్గర సంగతి సూటిగానే చెప్పారు. కన్నతల్లి తన ఊళ్ళో తహసీల్దారు ముందు నిలబడి, ఈ పిల్లను నేను కన్నాను అని సంతకం పెట్టి పంపాలి. ఇక్కడ కౌంటరు ముందు వీడియోలో కనబడి అదే మాట చెప్పాలి.

సత్యదుర్గ ఒప్పుకుంది. చింతలంకలో అన్న సాయిబాబు ఇంట్లో వసారాలో ఉంటుంది. రొయ్యల షెడ్డులో తలకాయలు తీసే పని. కువైట్‌లో ఒక పిల్లను కన్న సంగతి ఊళ్ళో ఒక్కరికీ తెలియదు, అన్నకు కూడా. "అన్నయ్యకి మెల్లిగా చెప్పుకుని ఎల్తానక్కా, ఒక్క వారం ఆగు" అంది. తహసీల్దారు ఆఫీసులో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే చెప్పించమని అడిగింది. లేకపోతే రేపు రా, మాపు రా అని తిప్పుతారు గదా.

పని అక్కడే తప్పు దారి పట్టింది.

"మన ఎడారి వెన్నెలోళ్ళని అడిగి చూద్దారండి అక్కా" అంది నాగేశ్వరి. మెస్సు కింద టైలరింగ్ షాపు ఆమెది. ఆమెది కూడా కోనసీమే. "అమలాపురంలో ఆఫీసర్లందరూ ఆళ్ళకి తెల్సంటండి."

"వాళ్ళా? ఉగాదికి పచ్చడి పంచి పేపర్లో ఏపిచ్చుకొనేటోళ్ళా?"

"మరి మనకెవరున్నారండి?"

అంకాలమ్మ బేబికి చెప్పులు తొడిగింది.

ఎడారి వెన్నెల తెలుగు సమాఖ్య అంటే సాల్మియాలో సముద్రం కనబడే ఫ్లాట్లున్న కొందరు పెద్దమనుషులు. వాళ్ళు నెలకోసారి హోటల్ హాల్లో కలుసుకుని ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటారు. కువైట్ ఎండల్లో శాలువా ఎందుకయ్యా అని ఇంతవరకూ ఎవడూ అడగలేదు. అధ్యక్షుడు వెంకటరాజు, పెద్ద కంపెనీలో అకౌంట్స్ మేనేజరు. కార్యదర్శి ఉదయ్‌కుమార్. ఆయన చెయ్యి ఫోన్ లేకుండా ఎవరూ చూడలేదు. అంకాలమ్మ, నాగేశ్వరి బేబిని తీసుకుని ఆ హాలుకే పోయారు.

"కూర్చోండమ్మా. టీ తాగండి. పాప పేరేంటి?" అన్నాడు వెంకటరాజు.

"బేబి."

"అది ముద్దుపేరు. అసలు పేరు?"

"అదే అసలు పేరు సారూ. వాళ్ళమ్మ అట్ల పిలిచింది, అట్లే ఉండిపోయింది."

"ఫాదర్ నేమ్?" అన్నాడు ఉదయ్‌కుమార్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే.

"తెలీదు."

"తెలీదంటే ఎలాగమ్మా? ఏ ఫారం చూసినా కాలమ్ ఉంటుంది కదా."

"కాలమ్ ఉండాదని నాయన పుట్టుకొస్తాడా సారూ. గీత కొట్టేయండి."

నాగేశ్వరి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. ఉదయ్‌కుమార్ ఈసారి తలెత్తాడు.

"మీ ఇఖామా ఏదో ఇంటి మీద ఉంది. మీరుండేది మెస్సులో. ఈ పిల్లను పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగితే ముందు మీరే దొరుకుతారు. ఎందుకమ్మా మీకీ రిస్కు? ఏ మసీదు దగ్గరో వదిలేస్తే గవర్నమెంటు వాళ్ళు హోంలో పెట్టి చూసుకుంటారు."

"నీకు పిల్లోళ్ళు ఉండారా సారూ?"

"ఇద్దరు."

"వాళ్ళను యా మసీదు కాడ వదిల్నావు?"

వెంకటరాజు నవ్వు తెచ్చుకుని సర్దాడు. "మా ఉదయ్ ఉద్దేశం అది కాదమ్మా. మన కోనసీమ బిడ్డండీ. మనం వదిలేస్తామా? అమలాపురంలో మనవాళ్ళున్నారు, ఒక్క ఫోన్ కొడితే పనైపోతుంది. తల్లి వివరాలు చెప్పండి."

తల్లి పేరు చెప్పింది. ఊరు చెప్పింది. అన్న పేరు, పని చేసే షెడ్డు, అన్నీ చెప్పింది. పని కావాలంటే వివరాలు ఇవ్వాలి గదా. డాక్టరు అడిగితే నొప్పి ఎక్కడో దాస్తామా?

తర్వాత బేబి చేతిలో చాక్లెట్ పెట్టి, ఇద్దరు పెద్దమనుషుల మధ్య నిలబెట్టి ఫోటో తీశారు. చాక్లెట్ చూసి బేబి పళ్ళన్నీ బయటపెట్టి నవ్వింది.

"అంత నవ్వొద్దమ్మా. కొంచెం దిగులుగా పెట్టు" అన్నాడు ఉదయ్‌కుమార్.

దిగులుగా పెట్టడం అంటే ఏమిటో బేబికి తెలియలేదు. చాక్లెట్ వెనక్కి తీసుకున్నారు. అప్పుడు ఫోటో బాగా వచ్చింది.

రెండు రోజులు పోయాక అమలాపురం ఫోన్ సంగతి కనుక్కుందామని అంకాలమ్మ అనుకుంటూ ఉండగానే మెస్సులో అన్నానికి వచ్చిన దొరబాబు తన ఫోన్ ఆమె ముందు పెట్టాడు. అతను క్రేన్ ఆపరేటరు, మంచివాడే గానీ ఏది చూసినా పైకి చదివే అలవాటు.

"గల్ఫ్‌లో అల్లాడుతున్న అనాథ చిన్నారి. రాజోలు దగ్గర చింతలంకకు చెందిన సత్యదుర్గ అనే మహిళ అక్రమ సంబంధంతో కని, కర్కశంగా వదిలేసి..."

"ఆపు" అంది అంకాలమ్మ.

దొరబాబు ఆపాడు. ఆపినంత మాత్రాన అది ఆగుతుందా? బేబి ఫోటో ఉంది, పక్కన అధ్యక్ష కార్యదర్శులు ఉన్నారు. సత్యదుర్గ ఇఖామా మీది పాత ఫోటో ఎక్కడ సంపాదించారో అదీ ఉంది. కింద కామెంట్లు. సగం మంది తల్లిని తిట్టారు, ఆ తిట్లు ఇక్కడ రాయను, రాస్తే ఈ కాగితం కూడా కంపు కొడుతుంది. మిగతా సగం వెంకటరాజుగారిది వెన్నపూస లాంటి మనసని రాశారు. పిల్లకు కాగితం ఎలా వస్తుందని ఒక్కడూ రాయలేదు.

కువైట్ నుంచి చింతలంకకు మనిషి చేరాలంటే విమానం ఎక్కాలి, రైలెక్కాలి, బస్సెక్కాలి, చివర ఆటో మాట్లాడుకోవాలి. ఈ ఫోటోకు అవేవీ అక్కర్లేకపోయాయి. అన్నయ్యకు మెల్లిగా చెప్పుకుంటానన్న సత్యదుర్గ ఇంకా నోరు తెరవనే లేదు, ఊరంతా తెరిచింది. ఆ సాయంత్రం నుంచి ఆమె ఫోన్ మోగలేదు. స్విచ్చాఫ్.

అంకాలమ్మ ఉదయ్‌కుమార్‌కు ఫోన్ చేసింది.

"సారూ, ఆ ఫోటో తీసేయండి."

"తీసేయడమేంటమ్మా, ఎంత రెస్పాన్స్ వచ్చిందో మీకు తెలుసా? లండన్ నుంచి కూడా ఫోన్ చేశారు."

"లండన్‌లో యా తహసీల్దారు ఉండాడు సారూ, సంతకం పెట్టేదానికి?"

"ఇది అవేర్‌నెస్ అమ్మా. మీకు అర్థం కాదు."

"వాళ్ళమ్మ ఫోను ఆపేసింది. ఆమె మాట లేకుంటే ఈడ కాగితం ఇయ్యరు. ఆ ముక్క నీకు చెప్పినా గదా."

"ఆవిడ తప్పు చేసింది కాబట్టే ఆపేసింది. మనం రాసిందాంట్లో అబద్ధం ఏముంది చెప్పండి."

"అమలాపురానికి ఫోన్ కొట్టినారా?"

"అది ప్రాసెస్‌లో ఉందమ్మా."

కొట్టలేదు. తర్వాత కూడా కొట్టలేదు. ఇదీ మనవాళ్ళ సేవ. దెబ్బకు మందు రాయమని పోతే ముందు ఆ దెబ్బ కట్టు విప్పి పదిమందికీ చూపిస్తారు. చూపించాక, అయ్యో పాపం అనిపించుకున్నాక, మందు సంగతి మరిచిపోతారు. ఈ జబ్బు చదువుకున్నవాళ్ళకే ఎక్కువ. తల్లి పేరూ ఊరూ రాయకుండా ఒక సాయం చేయడం వీళ్ళ చేత కాదు. రాయకపోతే సాయం చేసినట్టు ఎవరికి తెలుస్తుంది మరి?

గడువు దగ్గరపడుతోంది. అంకాలమ్మ మెస్సులో సాంబారులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఎవరూ ఏమీ అనకుండా తిన్నారు.

నాగేశ్వరి వదిన కూడా ఆ రొయ్యల షెడ్డులోనే పని చేస్తుంది. ఆ సంగతి నాగేశ్వరికి ముందు గుర్తుకు రాలేదు. గుర్తొచ్చిన వెంటనే ఫోన్ చేసి, మధ్యాహ్నం అన్నాలకు వదిలినప్పుడు ఫోన్ తీసుకెళ్ళి సత్యదుర్గ చేతిలో పెట్టమంది. ఆ వేళకు అంకాలమ్మ మెస్సు పని ఇంకొకరికి అప్పజెప్పి షాపుకు వచ్చింది. బేబి కింద కూర్చుని జాకెట్ ముక్కలు రంగుల వారీగా పేరుస్తోంది. నాగేశ్వరి మిషను ఆపింది.

"దుర్గా, నేను."

అవతల రొయ్యల షెడ్డులో నీళ్ళ చప్పుడు.

"నాకింక ఫోన్ చెయ్యకక్కా."

"యాల?"

"ఏ మొకం పెట్టుకుని మాట్టాడనక్కా? షెడ్డులో ఆడోళ్ళందరూ ఆ బొమ్మ చూసేరు. ఎవుడికి కన్నావే అని అడుగుతున్నారు."

"కువైట్‌కు కన్నానని చెప్పు."

"నీకు యెటకారంగా ఉంది. మా అన్నయ్య రెండ్రోజుల నుంచి అన్నం తినలేదు. మా వదినేమో సామాను బయట పడేత్తానంటంది. ఇప్పుడు నేనెల్లి తాసీల్దారు ముందు నిలబడి ఔనండీ నేనే కన్నానండీ అనాలా? నా వల్ల కాదక్కా."

"మరి బిడ్డ?"

సత్యదుర్గ గొంతు తగ్గించింది. "నువ్వే పెంచేసుకోక్కా. దానికి నువ్వే అమ్మవి. నీకూ లేరు కదా."

నాగేశ్వరి అంకాలమ్మ వైపు చూసింది. ఈ మాట కోసమే ఇన్నేళ్ళూ ఆమె ఎదురు చూసిందని నాగేశ్వరికి తెలుసు. బేబి ఎర్ర ముక్కలన్నీ ఒక దొంతి పెట్టి, "అమ్మా, చూడు" అంది. అంకాలమ్మ చూసింది.

"నేను పెంచుకుంటే దీనికి పేరుండదు మే" అంది ఫోన్‌లో. "పోయిన చలికాలం జ్వరం ఎక్కి కళ్ళు తేలేసింది. ఆస్పత్రి ముందర ట్యాక్సీలోనే కూర్చున్యాం, లోపలికి పోయేదానికి లేక. అది బతికింది. రేపు ఇంగోసారి బతుకుతాదా? నాకేమన్నా అయితే ఇది ఎవురిది? పదారేండ్లు వచ్చినాక ఈ గదిలోనే ఉంటే దీని గతి ఏంది? నువ్వెట్ల అయినావో అట్లే అయితాది. నాకు బిడ్డ కావాల. అయితే ఈ మాదిరి వద్దు."

సత్యదుర్గ ఏడుస్తోంది.

"ఏడ్సు. ఏడ్సేది ఐపోయినాక విను. నువ్వు సిగ్గుపడేది గూడా ఐపోయింది. నీ సిగ్గంతా ఆ ఫేస్‌బుక్కోడు గుంజుకోని ఊరికి పంచిపెట్టినాడు. ఇంగ దాచుకునేదానికి నీ దగ్గర ఏముండాది? అందరికీ తెలిసిపోయిందని బిడ్డను వదిలేస్తావా? తెలిసేది తెలిసింది, కనీసం బిడ్డనన్నా తెచ్చుకో. ఊరికే తిట్లు తిని ఊరుకుంటే నీకేం మిగులుతాది?"

షెడ్డులో ఎవరో పనికి రమ్మని కేక వేశారు. సత్యదుర్గ పోలేదు.

"ఆ రాసినోళ్ళు, కర్కశంగా వదిలేసిందని రాసేరక్కా. నేను వదిలేశానా?"

"ఆ మాట నన్నడుగుతావేంది. తహసీల్దారు కాడికి పోయి చెప్పు."

ఫోన్ పెట్టేశాక అంకాలమ్మ బేబి పక్కన కూర్చుని ముక్కలు పేర్చడం మొదలుపెట్టింది. నాగేశ్వరి టీ తెచ్చి పెట్టింది, అది చల్లారిపోయింది.

సత్యదుర్గ వెళ్ళింది. తోడు సాయిబాబు వెళ్ళాడు. అన్నం తినని అన్న అట, వెళ్ళి ఆఫీసు గుమాస్తా మీద కేకలేశాడట, మా చెల్లి సంతకం పెడతానంటంటే నీకేంటయ్యా నొప్పి అని. తిట్టిపోసిన ఊళ్ళోంచే ఇద్దరు సాక్షులు కూడా దొరికారు. ఆ ఇద్దరిలో ఒకామె సామాను బయట పడేస్తానన్న వదిన. మనుషుల్ని అర్థం చేసుకోవడం కష్టం, సమాఖ్యల్ని అర్థం చేసుకోవడం సులువు.

ఎంబసీ కౌంటరు రోజు వచ్చింది. బయలుదేరే ముందు నాగేశ్వరి బేబికి పాఠం చెప్పింది. అక్కడ సారు అడిగితే ఫోన్‌లో ఉన్నావిడ అమ్మ అని చెప్పాలి, అంకాలమ్మను పెద్దమ్మ అనాలి. లేకపోతే సారు ఎవరి మాట నమ్మాలో తెలియక ఆపేస్తాడు.

"పెద్దమ్మ అంటే ఎవరు?" అంది బేబి.

"ఈవిడే."

"ఈమె అమ్మ గదా."

"ఈ ఒక్కరోజుకి పెద్దమ్మే."

బేబి అంకాలమ్మ మొహం చూసింది. అంకాలమ్మ చెప్పు పట్టీ సరిచేసుకుంటూ తల ఎత్తకుండా, "చెప్పినట్ల చెయ్యి" అంది.

ఆఫీసరు వయసులో ఉన్న తమిళుడు, వచ్చీరాని తెలుగు. వీడియోలో సత్యదుర్గ కనబడింది, వెనక సాయిబాబు గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు ఫోన్ బేబి వైపు తిప్పాడు.

"ఇది ఎవరమ్మా?"

బేబి పాఠం గుర్తు చేసుకుంది. నోరు తెరిచింది. "ఫోనమ్మ" అంది.

"అది ఎవరు?" అన్నాడు అంకాలమ్మను చూపించి.

బేబి పెదవులు కదిపింది. పె అని మొదలుపెట్టి ఆగిపోయింది. రెండు చేతులా అంకాలమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని బేబి నిలబడిపోయింది.

ఆఫీసరు కుర్చీ వెనక్కి వాలి ఆలోచించాడు. తర్వాత అంకాలమ్మను బయట కూర్చోమని, సత్యదుర్గను పిల్ల పుట్టిన రోజు సంగతి అడిగాడు. ఆమె చెప్పింది. తర్వాత ఆమె ఫోన్ పక్కన పెట్టి అంకాలమ్మను పిలిచి అదే అడిగాడు. శుక్రవారం, మసీదులో ఖుత్బా ప్రసంగం వినబడుతోంది. అరిస్తే కింద వినబడుతుందని సత్యదుర్గ దిండు కరుచుకుంది. తువ్వాళ్ళన్నీ తడిసిపోతే, పాత మామా ఇచ్చిన నల్ల అబాయా బురఖాలో బిడ్డను చుట్టారు. ఇద్దరూ అదే చెప్పారు. తేడా ఒక్కటే. అంకాలమ్మ ఏమీ భయపడలేదని సత్యదుర్గ చెప్పింది. భయంతో బ్లేడు రెండుసార్లు కింద పడేసినానని అంకాలమ్మ చెప్పింది.

"పాపకు ఇద్దరూ అమ్మలే. రాయడానికి చోటు ఒక్కటే ఉంది" అన్నాడు ఆఫీసరు.

"కన్నామె పేరు రాయండి సారూ" అంది అంకాలమ్మ. "నేనేమీ అడిగేదానికి రాలేదు."

రాశాడు. బేబి, తల్లి సత్యదుర్గ. తండ్రి చోట గీత కొట్టాడు. ఆకాశం విరిగి పడలేదు. అది పట్టుకుని వేలిముద్రల ఆఫీసుకు పోతే అక్కడి కువైటీ ఆమె బేబి వేలు మెషీను మీద సరిగ్గా ఆనడం లేదని తానే లేచి వచ్చి పట్టుకుని ఆనించింది. అంకాలమ్మ ఇఖామా ఎవరూ అడగలేదు. గడువు ఇంకా ఉండగానే పని అయిపోయింది.

నాగేశ్వరి ఇంటికి సెలవు పెట్టుకుంది. పిల్ల ఆమెతో పోతుంది. అంకాలమ్మ పోవడానికి లేదు. పోతే ఆ కఫీల్ మళ్ళీ రానివ్వడు. మెస్సులో వంటే ఆమెకున్న బతుకు.

ఎయిర్‌పోర్టులో ఎవరున్నారు? వాళ్ళే. వెంకటరాజు, ఉదయ్‌కుమార్, మరో నలుగురు, మధ్యలో ఈ మూల నుంచి ఆ మూలకు ఫ్లెక్సీ. అనాథ బాలికకు పునర్జన్మ, ఎడారి వెన్నెల వారి మానవతా యజ్ఞం. వెంకటరాజు మొహం తలుపంత ఉంది. కార్యదర్శి మొహం కిటికీ అంత. బేబి కుడివైపు కింద మూలలో, చాక్లెట్ లాక్కున్నాక తీసిన ఫోటో, పోస్టల్ స్టాంపంత.

"అమ్మా, సాధించాం" అన్నాడు ఉదయ్‌కుమార్. "పాపను మధ్యలోకి పంపండి. లైవ్ పెడుతున్నాం."

"పెట్టుకోండి సారూ. నాకు పెట్టెతో పనుంది."

నిజంగానే పనుంది. బేబితో పంపే అట్టపెట్టె ట్రాలీ మీద నుంచి దించేటప్పుడు పక్క చిరిగింది. అందులో దుప్పటి, పాలపొడి డబ్బాలు, సత్యదుర్గకు రెండు చీరలు, మెస్సు బ్యాచిలర్లు తలా ఒకటి కొనిచ్చిన బొమ్మలు, పలకా బలపం ఉన్నాయి. ఇలా చిరిగితే తీసుకోనని కౌంటరు అబ్బాయి చెప్పేశాడు. తాడుంది గానీ కప్పడానికి గుడ్డ లేదు. అంకాలమ్మ అటూ ఇటూ చూసింది. ఫోటోలు తీయడం అయిపోయి ఫ్లెక్సీ చుడుతున్నారు.

నేరుగా పోయి దాన్ని అందుకుంది.

"అమ్మా, అదెందుకు?" అన్నాడు వెంకటరాజు.

"ఫోటోలు తీసుకున్నారు గదా. ఇంగ దీంతో మీకేం పని?"

"రేపు హాల్లో సక్సెస్ మీట్ ఉందండీ."

"శాలువాలు ఉండాయి గదా సారూ, అవి కప్పుకోండి."

చుట్టూ బద్వేలు, రాయచోటి, రాజోలు వాళ్ళు ఉన్నారు, పెట్టెలు కట్టుకుంటూ. ఎవరో కిసుక్కుమన్నారు. అంత మందిలో ఒక ముసలి వంటామె చేతిలోంచి ఫ్లెక్సీ లాక్కోవడం బాగుండదని వెంకటరాజుకు అర్థమైంది. పైగా ఇంకా లైవ్ నడుస్తోంది.

అంకాలమ్మ మొహాలు లోపలికి వచ్చేట్టు ఫ్లెక్సీని పెట్టె చుట్టూ కప్పింది. "లోపల దుప్పటి ఉండాది, వెచ్చగా ఉంటారులే" అంది. నాగేశ్వరి ఒక కాలు పెట్టె మీద వేసి తాడు బిగించింది. బయట వెనక వైపు మాత్రం మిగిలింది, తెల్లగా, ఏ గీతా లేకుండా. అలాంటి పెట్టె మీద పేరు రాయకపోతే అది ఎవరిదో ఎవరికీ తెలియదు. కువైట్ నుంచి పోయే ప్రతి పెట్టె మీదా పేరుంటుంది. పెట్టెకు ఉండే హక్కు ఆరేళ్ళు ఈ పిల్లకు లేకపోయింది.

"రాయి" అంది అంకాలమ్మ.

నాగేశ్వరి లావు మార్కరు తీసింది. "ఏం రాయమంటారండి?"

"బేబి అని పెద్దగా రాయి. కింద, తల్లి సత్యదుర్గ, చింతలంక. ఫోన్ నంబరు."

నాగేశ్వరి రాసింది. "పంపినోరి పేరు కూడా రాయాలండి అక్కా. పెట్టెకి రాత్తారు కదండీ."

అంకాలమ్మ తాడు కొసలు లోపలికి దోపింది. "మూలకు రాయి. చిన్నగా."

నాగేశ్వరి చిన్నగా రాయలేదు.

బేబి పోయేటప్పుడు ఏడవలేదు. విమానం అంటే స్కూలు బస్సు లాంటిదే అనుకుంది, తనకు కూడా ఒకటి వచ్చిందని. గాజు తలుపు అవతల నుంచి చెయ్యి ఊపింది. ఈసారి ఇవతల ఒక మనిషి తిరిగి ఊపింది.

ఎడారి వెన్నెల వారి సక్సెస్ మీట్ ఫ్లెక్సీ లేకుండానే బ్రహ్మాండంగా జరిగిందని పేపర్లో వచ్చింది. శాలువాలు బాగా కనబడ్డాయి.

తర్వాత ఒక మధ్యాహ్నం అంకాలమ్మ పప్పు తాలింపు వేస్తుండగా వాట్సాప్ మోగింది. బేబి. వెనక కొబ్బరిచెట్లు, ఎవరిదో కోడి.

"అమ్మా, బడిలో నా పేరు రాసినారు. సారు అడిగితే నేనే చెప్పినా, బేబి అని."

"నాయన పేరు అడిగినారా?"

"అడిగినారు. మామయ్య కేకలేసినాడు. రాసుకోలేదు."

బేబి పక్కన కొత్త పిల్ల ఎవరో ఫోన్‌లోకి తొంగిచూసింది. "ఎవరే ఈవిడ?" అంది.

బేబి ఒక క్షణం కూడా ఆలోచించలేదు. "ఫోనమ్మ" అంది.

అంకాలమ్మ మంట తగ్గించింది. తాలింపు అప్పటికే మాడింది. లోపల బ్యాచిలర్లు కంచాలు పెట్టుకుని కూర్చున్నారు.

"మళ్ళా చెయ్యి నాయనా" అంది. "ఇక్కడ పప్పు మాడుతాంది."